పేజీలు గంపగుత్తగా ఇచ్చే కెర్నెల్ ఫంక్షన్: ఐదుకి నాలుగు మార్కులు

లినక్స్ కెర్నెల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోని) అలొక్_పేజెస్_బల్క్‌ని, అంటే పేజీలనే మెమరీ ముక్కల్ని ఒకేసారి చాలా ఇచ్చే ఫంక్షన్‌ని, నా డ్రైవర్లలో చాలాకాలంగా వాడుతున్నాను. ఐదుకి నాలుగు మార్కులు ఇస్తాను. స్పీడు విషయంలో వంక పెట్టడానికేం లేదు. ఆ ఒక్క మార్కూ కోసింది దాని తీరుకి. అడిగినన్ని పేజీలు ఇవ్వలేకపోయినా అది నోరు విప్పి ఎర్రర్ చెప్పదు. చేతికందినన్ని ఇచ్చి, ఎన్ని ఉన్నాయో ఒక అంకె చెప్పి ఊరుకుంటుంది. ఆ అంకెని చూసుకోవాల్సింది మనమే.

నేను రాసేది స్టోరేజ్ డ్రైవర్లు. ఒక మెగాబైట్ డేటా వస్తోందంటే 4 కిలోబైట్ల పేజీలు 256 సిద్ధంగా పెట్టుకోవాలి. అవి మెమరీలో పక్కపక్కనే ఉండాలన్న పట్టింపు లేదు, హార్డ్‌వేర్‌కి అడ్రసుల జాబితా ఇస్తే సరిపోతుంది. ఇదివరకు దీనికి అందరం రాసిన కోడ్ ఒకటే. ఒక ఫర్ లూప్, లోపల ఒక్కో పేజీకి ఒక్కో కాల్. పనైతే జరిగేది. కానీ ప్రొఫైలర్ (ఏ పనికి ఎంత టైమ్ పోతోందో చూపే టూల్) పెట్టి చూస్తే ఒళ్లు మండేది. ప్రతి పేజీకీ ఫ్లాగులు చూడాలి, ఏ జోన్‌లోంచి (మెమరీలోని ఏ భాగంలోంచి) తీయాలో తేల్చాలి, ఆ జోన్‌లో ఖాళీ మెమరీ వాటర్‌మార్క్ (ఇంతకంటే తగ్గకూడదనే హద్దు) కంటే పైనే ఉందా అని లెక్క చూడాలి, ఆ సీపీయూ సొంత పేజీల లిస్టు దగ్గర లాక్ (ఇంకెవరూ ముట్టుకోకుండా తాళం) తీసుకోవాలి, ఒక్క పేజీ తీయాలి, గణాంకాల కౌంటర్ ఒకటి పెంచాలి, లాక్ వదలాలి. మళ్లీ మొదటినుంచీ ఇదే తంతు, 256 సార్లు. ఇల్లు కట్టేవాడు ఒక్కో ఇటుకకీ ఒక్కో లారీ మాట్లాడుకున్నట్టు ఉండేది వ్యవహారం.

ఈ ఫంక్షన్ ఆ తంతుని ఒక్కసారికి కుదిస్తుంది. వాటర్‌మార్క్ లెక్క ఒకేసారి, అదీ మనం అడిగిన మొత్తం పేజీలని కలుపుకుని చూస్తుంది. లాక్ ఒకేసారి. కౌంటర్లు కూడా చివర్లో అన్నీ కలిపి ఒక్క దెబ్బకి పెంచుతుంది. మధ్యలో జరిగేది లిస్టులోంచి పేజీ తీసి మన అరేలో (వరుస గడుల జాబితాలో) పెట్టడం, అంతే. లోపలి కోడ్ చదివితే ముచ్చటేస్తుంది.

దీన్ని మెల్ గోర్మన్ రాశాడు. 2021లో వచ్చిన 5.13 కెర్నెల్‌లో చేరింది. మొదటి కస్టమర్లు ఇద్దరు: ఎన్ఎఫ్ఎస్ సర్వర్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచేది) కింద నడిచే సన్‌ఆర్‌పీసీ, నెట్‌వర్క్ డ్రైవర్లు వాడే పేజ్ పూల్ (వాడిన పేజీలని మళ్లీ వాడుకునే నిల్వ). పేజ్ పూల్ మార్పుతో పాటు ఇచ్చిన కొలత ప్రకారం, 100 గిగాబిట్ కార్డు మీద ఒక పరీక్షలో సెకనుకి 36.8 లక్షల ప్యాకెట్ల దగ్గర ఉన్నది 43.7 లక్షలకి వెళ్లింది. అంటే 18.8 శాతం. ఈ అంకె చూసి ఎగిరి గంతేసేవాళ్లకి ఒక మాట: వాడిన పేజీ పూల్‌కి తిరిగి రాలేని పరిస్థితిని ఎంచుకుని చేసిన పరీక్ష అది. అలొకేటర్ (పేజీలు పంచే కోడ్) మీద పూర్తి భారం పడే చోటు. నా డ్రైవర్‌లో అసలు ఆలస్యం డిస్కుది, కాబట్టి మొత్తం వేగం పెద్దగా మారలేదు. అలొకేషన్‌కి పోయే సీపీయూ టైమ్ మాత్రం బాగా తగ్గింది, నాకు కావాల్సిందీ అదే.

ఇక కోసిన మార్కు సంగతి. ఈ ఫంక్షన్ వేగమంతా దాని బద్ధకంలోంచే వచ్చింది. తేలిగ్గా దొరికే పేజీలే ఇస్తుంది, కష్టపడదు. ఏ జోన్‌లోనూ కావాల్సినంత ఖాళీ కనబడలేదనుకోండి, మిగతావాటి కోసం వెతుకులాట పెట్టుకోదు. మామూలు దారిలో వెళ్లి ఒక్కటంటే ఒక్క పేజీ అడిగి, అది దొరికితే అరేలో పెట్టి వెనక్కి వచ్చేస్తుంది. మెమరీ బాగా నిండిపోయిన మెషీన్‌లో రిటర్న్ వాల్యూని ట్రేస్ చేసి చూడండి, సరదాగా ఉంటుంది. మొదటి కాల్‌కి 64 వచ్చిందంటే తర్వాత 65, ఆ తర్వాత 66. బల్క్ అని పేరు పెట్టుకున్న ఫంక్షన్ ఒకటీ ఒకటీ లెక్కపెట్టుకుంటూ నడుస్తుంటుంది.

ఇది బగ్ కాదు, కావాలని అలా రాసిందే. నాకూ ఆ నిర్ణయం నచ్చింది. సగం పేజీలు దొరికాక మిగతావి లేవని అన్నీ పారేయడం కంటే ఇది నయం. కానీ స్లాబ్ (చిన్న మెమరీ ముక్కలు ఇచ్చే విభాగం) వైపున్న బల్క్ ఫంక్షన్, అదే కెమెమ్_క్యాష్_అలొక్_బల్క్, ఇస్తే అన్నీ ఇస్తుంది, లేకపోతే సున్నా. దానికి అలవాటుపడినవాళ్లు ఇక్కడికొచ్చి, సున్నా రాలేదు కదా అని ముందుకెళ్లిపోతారు. ఒకే కెర్నెల్‌లో, దాదాపు ఒకే పేరుతో ఉన్న రెండు ఫంక్షన్లకి రెండు రకాల రివాజులు ఏమిటో!

సరిగ్గా వాడటం ఎలాగో చూడాలంటే సన్‌ఆర్‌పీసీ కోడ్ తెరవండి. కాల్ చేస్తుంది, కిందటిసారి కంటే అంకె పెరిగితే వెంటనే మళ్లీ అడుగుతుంది, పెరగకపోతే కాస్త ఆగి అడుగుతుంది. నాలుగు లైన్ల లూప్, యథాతథంగా ఎత్తి రాసుకోవచ్చు.

ఆ లూప్ పనిచేయడానికి కారణం ఇంకో చిన్న గుణం: ఫంక్షన్ అరేలో ఖాళీ గడులనే నింపుతుంది. ఇదివరకే పాయింటర్ (పేజీ అడ్రసు) ఉన్న గడిని దాటేస్తుంది, లెక్కలో మాత్రం కలుపుకుంటుంది. కాబట్టి తిరిగొచ్చే అంకె ఈ కాల్‌లో కొత్తగా దొరికిన పేజీలది కాదు, అరేలో ఇప్పటిదాకా నిండినవాటిది. అరేని మళ్లీ మళ్లీ వాడుకునేవాళ్లకి ఇది వరం. ఖర్చైన గడులు నల్ (ఖాళీ) చేసి అదే అరే ఇస్తే చాలు, కంతలు పూడ్చి ఇస్తుంది.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ఈమధ్య రివ్యూకి వచ్చిన ఒక ప్యాచ్‌లో అరేని కెమాలక్_అరే అనే ఫంక్షన్‌తో తీసుకుని నేరుగా దీనికి ఇచ్చేశారు. కెమాలక్_అరే మెమరీని సున్నా చేసి ఇవ్వదు. అందులో మిగిలిన పాత చెత్తే నిండిన గడుల్లా కనబడుతుంది, ఫంక్షన్ వాటిని దాటుకుంటూ పోయి 'అన్నీ ఉన్నాయి' అన్నట్టు పూర్తి అంకె చెబుతుంది. డ్రైవర్ ఆ చెత్త పాయింటర్లనే పేజీలనుకుని డేటా రాయడం మొదలుపెడుతుంది. ఇంకేముంది, మెషీన్ ఎక్కడ కూలుతుందో ఎవరూ చెప్పలేరు. సున్నా చేసి ఇచ్చే కెకాలక్ అని ఒక్క పదం మారిస్తే పోయే సమస్య. కానీ కంపైలర్ హెచ్చరించదు, టెస్టుల్లో మెమరీ అదృష్టవశాత్తూ సున్నాలతోనే దొరికితే అక్కడా బయటపడదు.

చెప్పకుండా నెమ్మదించే సందర్భాలు ఇంకా ఉన్నాయి. పేజ్ ఓనర్ (ఏ పేజీని ఎవరు తీసుకున్నారో రాసుకునే) డీబగ్గింగ్ ఆన్‌లో ఉంటే బ్యాచ్ దారి మొత్తం మూసుకుపోయి ఒక్కో పేజీ ఇచ్చే దారికి మళ్లుతుంది. ఎందుకంటే పేజ్ ఓనర్ ప్రతి పేజీకీ స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ల దారిలో అడిగారో ఆ జాబితా) దాచుకుంటుంది, దానికి చోటు కోసం లాక్ పట్టుకుని ఉండగానే మళ్లీ అలొకేటర్‌నే పిలవాల్సి రావచ్చు. మెమరీ సీగ్రూప్ (ప్రాసెస్‌ల గుంపు మెమరీ వాడకానికి హద్దు పెట్టేది) లెక్కలో రాయమని అకౌంట్ ఫ్లాగ్ ఇచ్చినా నేను చూసిన వెర్షన్లలో ఇదే గతి. డీబగ్ కెర్నెల్ మీద బెంచ్‌మార్క్ చేసి 'ఏం లాభం లేదు' అని తేల్చేసేవాళ్లు ముందు ఈ రెండూ చూసుకోవాలి.

అతిగా అడగడమూ మంచిది కాదు. వీమాలక్ (పెద్ద మెమరీ ఇచ్చే ఇంకో ఫంక్షన్) కోడ్‌లో ఒక్క కాల్‌కి 100 పేజీలకి మించి అడగకుండా హద్దు పెట్టుకున్నారు. లాక్ పట్టుకున్నంతసేపూ ఆ సీపీయూ మీద వేరే టాస్క్‌కి ఛాన్స్ రాదు మరి. వేల పేజీలు ఒకే గుటకలో మింగాలనుకునేవాళ్లు అక్కడ ఈ హద్దు గురించి రాసిన కామెంట్ చదవాలి.

మొదట్లో ఇదే పని పేజీలని లింక్డ్ లిస్టులో పెట్టి ఇచ్చే రకంగానూ ఉండేది. లిస్టులో చేర్చాలంటే ప్రతి పేజీ తాలూకు స్ట్రక్చర్‌నీ ముట్టుకోవాలి, అందుకే అరే రకం కంటే నెమ్మది. తర్వాతి వెర్షన్లలో దాన్ని తీసేశారు, అరే రకం పేరు చివరుండే 'అరే' కూడా పోయింది. పాత కెర్నెళ్లకి కూడా డ్రైవర్ ఇవ్వాల్సిన మాబోటివాళ్లు ఒక మాక్రో రాసుకోక తప్పదు.

నాకు మిగిలిన కోరిక ఒకటే. తీసుకోవడం ఇంత సులువు చేశారు, తిరిగి ఇవ్వడానికి దీనికి సరిజోడు ఫంక్షన్ పెట్టలేదు. రిలీజ్_పేజెస్ అని ఒకటి ఉంది, అరే ఇస్తే పేజీలన్నీ వదిలిపెడుతుంది, పనిలో పనిగా బ్యాచ్ కూడా చేస్తుంది. కానీ అది పేజ్ క్యాష్ (ఫైళ్ల డేటాని మెమరీలో దాచే చోటు) అవసరాల కోసం పుట్టింది. మధ్యలో నల్ గడులున్న అరేని దానికి ఇవ్వలేం. నింపేటప్పుడు కంతలని అంత చక్కగా చూసుకునేవాళ్లు, ఖాళీ చేసేటప్పుడు మనల్ని మళ్లీ ఆ ఫర్ లూప్‌కే వదిలేశారు.