1790 నాటి సాటిన్‌వుడ్ బీరువా అంటే నమ్మేశాను, మీరు జాగ్రత్త

ఇంగ్లండులో ఉంటూ పాత ఫర్నిచర్ మీద మోజున్న మనవాళ్ల కోసం రాస్తున్నాను. పోయినేడు మిడ్‌లాండ్స్‌లో ఒక యాంటిక్ ఫెయిర్‌లో 2,800 పౌండ్లు పోసి బీరువా కొన్నాను. తేనెరంగు చెక్క, తలుపుల మీద గులాబీల దండలు, మధ్యలో కోడిగుడ్డు ఆకారపు చట్రంలో అమ్మాయి బొమ్మ, అంచుల వెంట దారమంత సన్నగా పొదిగిన నల్లచెక్క. "షెరటన్ కాలంది, 1790 అటూ ఇటూ" అన్నాడు అమ్మినాయన (షెరటన్ అప్పటి ఇంగ్లీషు ఫర్నిచర్ డిజైనర్). అక్కడితో ఊరుకోక, "ఈ కర్ర మీ కోరమాండల్ తీరం నుంచి ఓడలెక్కి వచ్చింది తెలుసా" అన్నాడు. అక్కడే పడిపోయాను. ఆ సాటిన్‌వుడ్ మన బిల్లుడు కర్రే మరి! బేరం కూడా సరిగ్గా ఆడలేదు.

ఆ మాట అబద్ధమని కాదు. సిలోన్ నుంచి, మన తీరం నుంచి బిల్లుడు అక్కడికి వెళ్లేది. కానీ 1900లో చేసిన బీరువాకీ అదే కర్ర వాడారు.

చలికాలంలో హీటర్ వేడికి ఒక మూల వెనీర్, అంటే పైన అతికించే పల్చటి చెక్క పొర, లేచింది. బాగుచేయడానికి వచ్చిన పెద్దాయన తలుపుల వైపు చూడనేలేదు. సొరుగులు లాగి బోర్లించాడు, బీరువాని గోడ నుంచి జరిపించి వెనకవైపు టార్చి వేశాడు. పలక నిండా వంపు తిరిగిన రంపపు గాట్లు. గుండ్రటి మిషన్ రంపం కోత అది. చేత్తో కోస్తే గాట్లు తిన్నగా ఉంటాయి. కీలు స్క్రూ ఒకటి విప్పితే మొన సూదిలా ఉంది. 1840ల ముందు స్క్రూల మొనలు మొద్దుగా ఉండేవి. పలకా స్క్రూలూ తర్వాత మార్చి ఉండొచ్చుగా అన్నాను, ఆశ చావక. లేచిన వెనీర్ అంచు చూపించాడు: పోస్టుకార్డు మందం. చేతిరంపంతో తీసిన పాత వెనీర్ అంత పల్చగా రాదట. ఇది 1900 ప్రాంతంది అని తేల్చాడు.

అసలు కథ తాళం దగ్గర బయటపడింది. ఎప్పుడో తాళం మార్చి, చుట్టూ అగ్గిపెట్టెంత చెక్క ముక్క అతికారు. గులాబీల దండ ఆ అతుకు మీదుగా ఎక్కడా తెగకుండా సాగిపోయింది! భూతద్దం నా చేతికిచ్చి, పక్కనే చెక్క మీద గీసుకుపోయిన గీత చూడమన్నాడు. గులాబీకి వేసిన రంగు ఆ గీతలోకి దిగి ఉంది. గీత పాతది, పువ్వు కొత్తది. మామూలు బీరువాకి తర్వాత ఎవరో బొమ్మలు వేసి ధర పెంచారన్నమాట.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "బిల్లు చూసుకోండి" అన్నాడు. చూశాను. ‘జార్జియన్ స్టైల్’ అని ఉంది. జార్జియన్ అంటే జార్జి రాజుల కాలం, 1790 అందులోదే. ఈ వ్యాపారంలో ‘స్టైల్’ అంటే ఆ కాలంది కాదు, దాన్ని పోలినది అని అర్థం. నోటితో చెప్పిన 1790కి సాక్ష్యం లేదు. చెప్పినదానికి భిన్నంగా ఉంటే 30 రోజుల్లోపు తిప్పిచ్చి డబ్బు అడిగే హక్కు చట్టంలో ఉంది. నాకు తెలిసేసరికి ఐదు నెలలు. స్వయంగా వెళ్లి పాడుకోగల వేలంలో కొన్న పాత వస్తువుకైతే ఆ హక్కు కూడా వర్తించదు.

పై సగం ఒక బీరువాది, కింది సగం ఇంకోదానిది కలిపి అమ్మేవీ ఉంటాయి. వాటిని ‘మ్యారేజ్’ అంటారు, జాతకాలు చూడని పెళ్లి. రెండింటి వెనక పలకలూ పక్కపక్కన చూడండి. చెక్కలో పొదిగిన ముక్కల్లో ఏనుగు దంతం ఉందేమో కూడా అడగండి. 2022 జూన్ నుంచి రిజిస్ట్రేషన్ లేనిదే ఇక్కడ అలాంటివి అమ్మకూడదు, రేపు మీరు అమ్ముకోవాలన్నా అదే చిక్కు.

తర్వాతి కాలంలో చేసినవన్నీ నాసిరకం అనుకోకండి. 1867 పారిస్ ప్రదర్శనకి రైట్ అండ్ మాన్స్‌ఫీల్డ్ చేసిన సాటిన్‌వుడ్ క్యాబినెట్ లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. నాదీ అందంగానే ఉంది. 1900 ధరకి ఇచ్చుంటే గొడవే లేదు.

డబ్బు కట్టేముందు బిల్లు మీద "సుమారు 1790లో చేసినది, బొమ్మలు కూడా అప్పటివే" అని రాయించుకుని సంతకం పెట్టించండి. ఆ రెండో ముక్క దగ్గరే చాలామంది పెన్ను ఆపేస్తారు.