పిట్స్‌బర్గ్ గుడికి వెళ్తున్నారా? ఓక్లాండ్‌లో ఆ ఇటుక గోడ దగ్గర కూడా ఒక పూట ఆగండి

ఒహాయో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళలో పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్ళనివాళ్ళు తక్కువ. పెన్ హిల్స్‌లో కొండ మీది ఈ గుడి 1977లో వెలిసింది. ఈ దేశంలో మన పద్ధతిలో కట్టిన తొలి గుళ్ళలో అదొకటి. పొద్దున్నే కొలంబస్‌లో బయల్దేరడం, దర్శనం చేసుకోవడం, క్యాంటీన్‌లో పులిహోర, దద్ధోజనం తినడం, చీకటి పడేలోగా ఇల్లు చేరాలని కారెక్కడం. మేమూ ఏళ్ళ తరబడి అలాగే వెళ్ళొచ్చాం. ఈసారి విజయవాడ నుంచి నాన్న వచ్చారు. దసరాకి స్వామి దర్శనం అయ్యాక అక్కడే ఉండి, మర్నాడు, అంటే అక్టోబరు 13న, ఓక్లాండ్ చూడాలని ముందే అనుకున్నాం. ఆ తేదీ కావాలనే ఎంచుకున్నాం. ఎందుకో చెప్తాను.

గుడికి పది, పన్నెండు మైళ్ళ దూరంలో ఉంటుంది ఓక్లాండ్. పిట్స్‌బర్గ్ యూనివర్సిటీ, కార్నెగీ మెలన్ రెండూ అక్కడే కాబట్టి మన పిల్లలు చాలామందికి తెలిసిన పేటే. రోజూ క్లాసులకి నడిచే ఆ దారిలోనే ఒకప్పుడు ఫోర్బ్స్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ మైదానం ఉండేది. 1909 నుంచి 1970 దాకా పైరేట్స్ జట్టుకి అదే ఇల్లు. ఇప్పుడు మిగిలింది సెంటర్ ఫీల్డ్ వైపు ఇటుక గోడ, దాని పక్కన జెండా స్తంభం. అవి తెచ్చి పెట్టినవి కావు, మొదట్నుంచీ ఉన్న చోటే ఉన్నాయి. నా దృష్టిలో పిట్స్‌బర్గ్‌లో చూడాల్సినవాటిలో గుడి తర్వాత స్థానం దీనిదే.

అంతకుముందు పైరేట్స్ ఆడింది నది ఒడ్డున, ఎక్స్‌పోజిషన్ పార్క్‌లో. వరదొస్తే మైదానంలోకి నీళ్ళు వచ్చేసేవి. 1902 జూలై 4న నీళ్ళు నిలిచిన ఔట్‌ఫీల్డ్‌లోనే మ్యాచ్‌లు ఆడారు. జట్టు యజమాని బార్నీ డ్రేఫస్ జర్మనీ నుంచి వలస వచ్చిన యూదుడు. నదిని వదిలేసి, ఊరికి దూరంగా, షెన్లీ పార్క్ అంచున నేల కొన్నాడు. అంతదూరం ఎవరొస్తారని జనం దాన్ని 'డ్రేఫస్ పిచ్చి' అన్నారు. పక్కనున్న లోయలో కొంత పూడ్పించి, 1909 మార్చి ఒకటిన పని మొదలుపెట్టించి, జూన్ 30 కల్లా ఆట ఆడించాడు. అంటే నాలుగు నెలల్లో! ఖర్చు దాదాపు పది లక్షల డాలర్లు. ఆ రోజుల్లో మైదానాలు కర్రతో కట్టేవాళ్ళు, నిప్పు అంటుకుంటే బూడిదే. ఈయన కాంక్రీటు, ఉక్కు వాడాడు. ప్రేక్షకులు పై అంతస్తులకి చేరడానికి ర్యాంపులు, లిఫ్టులు పెట్టించాడు. అంపైర్లకి విడిగా గది కట్టించాడు. మొదటి రోజు 30,338 మంది వచ్చారు. ఆ రోజు పైరేట్స్ 3-2తో చికాగో కబ్స్ చేతిలో ఓడినా, అదే ఏడు వరల్డ్ సిరీస్‌లో (రెండు లీగ్‌ల విజేతల మధ్య ఫైనల్, ముందు నాలుగు మ్యాచ్‌లు గెలిచినవాళ్ళదే కప్పు) డెట్రాయిట్ మీద గెలిచారు.

గోడ మీద తెల్లగా '457' అని రాసి ఉంటుంది. బ్యాటర్ నిలబడే చోటు నుంచి అక్కడికి 457 అడుగులు. క్రికెట్‌లో బౌండరీ ఎంత దూరం పెట్టినా 90 గజాలు, అంటే 270 అడుగులు దాటకూడదు. నాన్న ఆ అంకెని చూసి కాసేపు లెక్కలు వేసుకుని, "అమ్మాయ్, ఇక్కడ బంతి గోడ దాటాలంటే మన సిక్సరు ఒకటిన్నర రెట్లు పోవాలే!" అన్నారు. డ్రేఫస్‌కి చవకబారు హోమ్ రన్లు (బంతిని గోడ దాటించే దెబ్బలు) నచ్చేవి కావు. అందుకే మైదానం అంత విశాలంగా కట్టించాడు. ప్రాక్టీసు కోసం వాడే బ్యాటింగ్ కేజ్‌ని కూడా ఆట జరుగుతున్నప్పుడు ఆ మూలనే వదిలేసేవాళ్ళట. బంతి అంతదూరం రావడమే అరుదు మరి. ఫీల్డర్లకి పరుగెత్తే జాగా, బ్యాటర్లకి మూడు బేసులు (పరుగు కోసం చుట్టి రావాల్సిన గుర్తులు) పరుగెత్తే జాగా ఉన్న మైదానం అది. గోడని చేత్తో తడిమి చూశాను. గరుకైన ఇటుకలు, వాటి మీద అక్కడక్కడా తీగ. అడ్డంగా కంచె లేదు, టికెట్ లేదు, పక్కనే కాలిబాట, ఎదురుగా కారు ఆపుకునే వీధి. ఆ వీధి పేరు రాబర్టో క్లెమెంటే డ్రైవ్, పైరేట్స్ ఆటగాడి పేరే.

ఇక అక్టోబరు 13 సంగతి. 1960లో అదే రోజున న్యూయార్క్ యాంకీస్‌తో వరల్డ్ సిరీస్ ఏడో మ్యాచ్ ఇక్కడే జరిగింది. ఆ సిరీస్ మొత్తం మీద యాంకీస్ 55 పరుగులు చేస్తే పైరేట్స్ చేసినవి 27. అయినా ఏడో మ్యాచ్ దాకా లాక్కొచ్చారు. బేస్‌బాల్‌లో తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కోదాంట్లో రెండు జట్లూ బ్యాటింగ్ చేస్తాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో యాంకీస్ 7-4తో ముందున్నారు. అప్పుడు నేల మీద వస్తున్న ఒక బంతి ఉన్నట్టుండి ఎగిరి యాంకీస్ ఫీల్డర్ టోనీ క్యూబెక్ గొంతుకి తగిలింది. ఫోర్బ్స్ ఫీల్డ్ ఇన్‌ఫీల్డ్ గట్టితనం గురించి ఆటగాళ్ళు ఎప్పుడూ చెప్పుకునేవాళ్ళు. అలా మట్టి కూడా ఆ రోజు ఆటలో పాలు పంచుకుంది. ఆ ఇన్నింగ్స్‌లో పైరేట్స్ అయిదు పరుగులు చేసి 9-7కి వచ్చారు. తొమ్మిదో ఇన్నింగ్స్ మొదట్లో యాంకీస్ 9-9 చేశారు. ఆఖర్లో పైరేట్స్ తరఫున మొదట బ్యాట్ పట్టింది బిల్ మాజరోస్కీ. ఫీల్డింగ్‌లో పేరున్నవాడే తప్ప హోమ్ రన్లకి కాదు. రాల్ఫ్ టెరీ వేసిన రెండో బంతిని ఎడమ వైపు గోడ దాటించాడు. సిరీస్ అక్కడికక్కడే అయిపోయింది. ఏడో మ్యాచ్ అలా హోమ్ రన్‌తో ముగిసింది చరిత్రలో ఆ ఒక్కసారే.

1985లో ఒక అభిమాని ఒక్కడే ఈ గోడ దగ్గరికి వచ్చి కూర్చుని, ఆ మ్యాచ్ రేడియో వ్యాఖ్యానం టేపు మొత్తం విన్నాడు. తర్వాతి ఏళ్ళలో పక్కన ఇంకొకరు చేరారు, ఇంకొందరు చేరారు. ఇప్పుడు ప్రతి అక్టోబరు 13న మధ్యాహ్నం మడత కుర్చీలు, టోపీలు, పాత జెర్సీలతో గోడ ముందు జనం గుమిగూడతారు. ఆ టేపుని మొదట్నుంచీ పెడతారు. 1960లో బంతి గోడ దాటిన నిమిషానికి, సరిగ్గా 3:36కి, మళ్ళీ హోమ్ రన్ వినిపించేలా లెక్క చూసుకుంటారు.

మేం వెళ్ళేసరికి మ్యాచ్ సగంలో ఉంది. మా పక్కన కూర్చున్న పెద్దాయన నాన్నకి ఒక కుర్చీ జరిపి, ఎవరు బ్యాటింగో, ఎవరు ఏ బేస్‌లో ఉన్నారో ఓపిగ్గా చెప్పుకొచ్చారు. నాన్నకి బేస్‌బాల్ నియమాలు సగమే తెలుసు, కానీ రేడియోలో ఆట వినడం చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. టెస్ట్ మ్యాచ్‌లన్నీ ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకునే విన్న తరం వాళ్ళది. స్టేడియం హోరు ఎలా పెరుగుతోందో వింటూ వికెట్ పడబోతోందని పసిగట్టడం వాళ్ళకి వచ్చు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో హోరు పెరగ్గానే ఆయన వెన్ను నిటారయింది. ఆఖరి బంతి దగ్గర వ్యాఖ్యాత చక్ థామ్సన్ కంగారులో బౌలర్ పేరు తప్పు చెప్పాడు. స్కోరు కూడా 10-0 అనేసి తర్వాత దిద్దుకున్నాడు. అక్కడున్నవాళ్ళందరికీ ఆ తప్పులు కంఠతా వచ్చు. వాటి కోసమే ఎదురుచూసి, వ్యాఖ్యాతతో పాటు గొంతు కలిపారు. తర్వాత చప్పట్లు, కౌగిలింతలు. గెలిచి అరవై ఏళ్ళు దాటిన మ్యాచ్‌కి ఇంత సంతోషపడేవాళ్ళని నేనింకెక్కడా చూడలేదు.

రేడియో మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బేస్‌బాల్ మ్యాచ్‌ని రేడియోలో మొదటిసారి ప్రసారం చేసింది కూడా ఈ మైదానం నుంచే. 1921 ఆగస్టు 5న కేడీకేఏ స్టేషన్ తరఫున హెరాల్డ్ ఆర్లిన్ వ్యాఖ్యానం చెప్పాడు. బేబ్ రూత్ తన చివరి హోమ్ రన్, 714వది, కొట్టింది ఇక్కడే, 1935 మే 25న.

గోడ దగ్గర తప్పకుండా తలుచుకోవాల్సిన పేరు జాష్ గిబ్సన్. నల్లజాతి ఆటగాళ్ళని మేజర్ లీగ్ (పైరేట్స్ లాంటి పెద్ద జట్ల లీగ్) గుమ్మం తొక్కనివ్వని రోజుల్లో, వాళ్ళ కోసం విడిగా ఉన్న నీగ్రో లీగ్స్‌లోని హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టు పైరేట్స్ ఊళ్ళో లేనప్పుడు ఈ మైదానాన్ని అద్దెకి తీసుకుని ఆడేది. గిబ్సన్ ఆ జట్టు క్యాచర్, అంటే మన వికెట్ కీపర్ లాంటివాడు. 1947 జనవరిలో 35 ఏళ్ళకే చనిపోయాడు. ఆ ఏప్రిల్‌లోనే నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ ఆ అడ్డుగోడ దాటి మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. నీగ్రో లీగ్స్ గణాంకాలని 2024లో మేజర్ లీగ్ రికార్డుల్లో కలిపాక, జీవితకాల బ్యాటింగ్ సగటులో గిబ్సన్ మొదటి స్థానంలోకి వచ్చాడు. ఆ గౌరవం బతికుండగా దక్కాల్సిన మనిషి.

మర్నాడు పొద్దున పక్కనే ఉన్న పోస్వార్ హాల్‌కి వెళ్ళాం. యూనివర్సిటీ 1958లోనే ఈ స్థలం కొనేసింది. 1970 జూన్ 28న ఆఖరి ఆటలు ఆడాక, 1971లో మైదానాన్ని పడగొట్టించి తర్వాత ఈ భవనం కట్టింది. కింది అంతస్తులో నేల మీద గాజు పలక కింద హోమ్ ప్లేట్, అంటే బ్యాటర్ నిలబడే చోటు గుర్తు, ఉంటుంది. అది అసలు చోటుకి దగ్గరే కానీ కచ్చితంగా అక్కడే కాదు. పిల్లలు దాని మీద నిలబడి బ్యాట్ పట్టినట్టు ఫొటోలు దిగారు, బాగుంది. కానీ గోడ దగ్గర కలిగిన అనుభూతి నాకు ఇక్కడ కలగలేదు. పైన ట్యూబ్‌లైట్లు, చుట్టూ క్లాసులు. సెలవు రోజున వెళ్తే తలుపులు తీసి ఉంటాయో లేదో ముందే కనుక్కోండి.

నది ఒడ్డున ఉన్న ఇప్పటి మైదానం పీఎన్‌సీ పార్క్ 2001లో తెరిచారు. డౌన్‌టౌన్ నుంచి క్లెమెంటే వంతెన మీదుగా నడిచి వెళ్ళడమే అందం. కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, క్లెమెంటే జెర్సీ నంబరు 21 కాబట్టి. సరిగ్గా 3,000 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం) చేసిన ఆ మహానుభావుడు 1972 డిసెంబరు 31న నికరాగువా భూకంప బాధితులకి సాయం పట్టుకెళ్తూ విమానం కూలి పోయాడు. నాన్న ఆయన విగ్రహం ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. బయట మాజరోస్కీ విగ్రహం దగ్గర పాత ఎడమ గోడ ముక్క ఒకటి పెట్టారు. చక్కగా అమర్చారు, అయినా ఇల్లు కదిలిన గోడ అది. ఒక్కటే చూసే వ్యవధి ఉంటే ఓక్లాండ్ గోడే చూడండి. ఆట చూడాలంటే మాత్రం వేసవిలో ఇక్కడికి రండి, సీట్లోంచి నది, వంతెనలు కనపడే ఇంత మంచి స్టేడియం చాలా తక్కువ.

బస విషయం. మొదటి రాత్రి మన్రోవిల్‌లో ఉన్నాం. గుడికి దగ్గర, ఇండియన్ స్టోర్లు ఉన్నాయి, పార్కింగు ఉచితం, గదులు చవక. గుడి ఒక్కటే అయితే అదే మేలు. కానీ అక్కడి నుంచి ఓక్లాండ్ వెళ్ళాలంటే స్క్విరల్ హిల్ సొరంగం దాటాలి. దాని ముందు కార్లు బారులు తీరతాయి. పెద్దవాళ్ళతో ఆ దారిలో రోజూ తిరగడం అనవసరం. రెండో రాత్రి ఓక్లాండ్‌కి మారాం. ధర బాగా ఎక్కువే, అయినా గోడ, మ్యూజియం, లైబ్రరీ అన్నీ నడకలోనే, నాన్న మధ్యాహ్నం గదికి వెళ్ళి పడుకోగలిగారు. ఆ హోటల్ వాళ్ళు ఫోన్లో పార్కింగ్ కలిపే అన్నారు, ఖాళీ చేసేటప్పుడు విడిగా వేశారు. అడిగితే తీసేశారనుకోండి, కానీ రాతలో తీసుకోండి. స్నాతకోత్సవాలు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఉన్న రోజుల్లో ఓక్లాండ్ గదుల జోలికి వెళ్ళకండి. డౌన్‌టౌన్‌లో దిగితే 61, 71 నంబర్ల బస్సులు ఓక్లాండ్‌కి తరచూ ఉంటాయి. విమానంలో వచ్చేవాళ్ళకి 28ఎక్స్ బస్సు ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఓక్లాండ్ తెస్తుంది.

వాన వస్తే గోడకి ఎదురుగా, షెన్లీ ప్లాజా అవతల ఉన్న 42 అంతస్తుల కెథెడ్రల్ ఆఫ్ లెర్నింగ్‌లోకి వెళ్ళండి. 1960లో ఆ రోజు విద్యార్థులు ఆ మేడ పైనుంచే మ్యాచ్ చూశారు. అందులో దేశానికొకటి చొప్పున తరగతి గదులున్నాయి. మనది నలందా ప్రాంగణం తీరులో ఎర్ర ఇటుకలతో కట్టారు. లారెన్స్‌విల్ పేటలో పాత అగ్నిమాపక కేంద్రంలో క్లెమెంటే మ్యూజియం ఉంది. అది ముందుగా సమయం తీసుకుని గైడుతోనే చూడాలి. మాకు ఈసారి కుదరలేదు, వేసవిలో మ్యాచ్‌తో కలిపి చూడాలని నాన్న ఇప్పుడే తేదీలు అడుగుతున్నారు.