గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్: విజయనగరంలో ఒక డయాగ్నస్టిక్ కేంద్రం సేవలపై సమీక్ష

విజయనగరంలోని ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ కేంద్రంలో మా వదినగారితో కలిసి ఈ పరీక్ష చేయించుకున్నాను. నమూనా తీసిన నర్సు చిన్న బ్రష్‌ను సీసాలోని ద్రవంలో బాగా తిప్పి, మూత బిగించి, లేబుల్ మీది పేరు, వయసు మాకు చదివి వినిపించి సరిచూసుకున్న తరువాతే దానిని పక్కన పెట్టారు. నమూనా సరిగా రాకపోతే ఎంత మంచి యంత్రమైనా తప్పే చెబుతుంది కనుక ఈ శ్రద్ధ నాకెంతో నచ్చింది.

అక్కడి డాక్టరుగారు పరీక్షల మధ్య తేడాను ఓపికగా వివరించారు. ఒక్కసారి చేసిన పాప్ స్మియర్‌లో (ముఖద్వారం కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పరీక్ష) క్యాన్సర్‌కు ముందు వచ్చే మార్పులు చెప్పుకోదగినన్ని తప్పిపోయే అవకాశం ఉండగా, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ అనే వైరస్ కోసం వెతికే హెచ్‌పీవీ డీఎన్‌ఏ పరీక్ష వాటిలో దాదాపు 90 శాతం, అంతకన్నా ఎక్కువ కూడా పట్టుకుంటుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దానినే మొదటి పరీక్షగా, సాధారణంగా 30 ఏళ్ల వయసు నుంచి, 5 నుంచి 10 ఏళ్లకొకసారి చేయించుకోవాలని సిఫారసు చేసింది. అయితే దానంతటదే పోయే వైరస్‌ను కూడా అది చూపిస్తుంది కాబట్టి, పాజిటివ్ వచ్చినంత మాత్రాన క్యాన్సర్ ఉన్నట్టు కాదు. కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలించడం), అవసరమైతే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేశాకే సంగతి తేలుతుంది.

లోపమల్లా రిపోర్టులోనే ఉంది. ‘నెగటివ్’ అన్న ఒక్క మాట తప్ప, మళ్లీ ఎప్పుడు రావాలో, నెలసరి కాని రోజుల్లో రక్తం కనిపిస్తే గడువు దాకా ఆగకూడదన్న సంగతో అందులో లేదు. ఆ ఒక్క మాట చూసి గుండెల మీద చెయ్యి వేసుకుని నిద్రపోయే మా ఆడవాళ్ల కోసం ఆ రెండు వాక్యాలను తెలుగులో అచ్చువేసి ఇవ్వాలని నిర్వాహకులను గట్టిగా కోరుతున్నాను.