మారతహళ్ళిలో సెకండ్ హ్యాండ్ ఈవీ, 14 నెలల తర్వాత

ముందే చెప్పేస్తా, మీ పార్కింగ్‌లో మీ సొంత ప్లగ్గు పెట్టుకునే వీలు లేకపోతే సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారు జోలికి వెళ్ళకండి, ఎంత చవగ్గా వస్తున్నా సరే. ఆ వీలుంటే మాత్రం ఇప్పుడు బెంగళూరులో పెట్టిన డబ్బుకి దీన్ని మించిన బండి నాకైతే కనపడలేదు.

మేముండేది మారతహళ్ళి, ఆఫీసేమో ఎలక్ట్రానిక్ సిటీ, రానూపోనూ రోజుకి 45 కిలోమీటర్లు, సిల్క్ బోర్డు జంక్షన్ దాటడానికే ఒక్కోరోజు అరగంట. పాత పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ ఈ ట్రాఫిక్‌లో లీటరుకి 12 ఇస్తే గొప్ప. నెలకి 1200 కిలోమీటర్లు తిరుగుతాం, లీటరు వంద దాటాక పెట్రోల్‌కే పది వేలు పోయేది. ఇప్పుడు కరెంటు 200 యూనిట్లు అవుతుంది, యూనిట్ ఆరు రూపాయలనుకున్నా 1200. అంటే కిలోమీటరుకి రూపాయి. మొదటి నెల బిల్లు చూసి మా ఆవిడ మీటరు తప్పు తిరుగుతోందేమో అని కిందకెళ్ళి చూసొచ్చింది.

మేం తీసుకుంది 2021 టాటా నెక్సాన్ ఈవీ, 30.2 కిలోవాట్ అవర్ బ్యాటరీ, అంటే 30.2 యూనిట్ల కరెంటు పట్టేది, 41 వేలు తిరిగింది, ఓనర్ దగ్గర నేరుగా 8 లక్షల 20 వేలకి. నేరుగా కొంటే జీఎస్టీ గొడవ లేదు, అదే డీలర్ అయితే వాళ్ళ మార్జిన్ మీద 18 శాతం ఉంటుంది, 2024 డిసెంబర్ జీఎస్టీ కౌన్సిల్ మీటింగ్‌లో 12 నుంచి పెంచారు. ఫుల్ ఛార్జికి కంపెనీ లెక్క 312 కిలోమీటర్లు, కానీ అది ల్యాబులో చేసే టెస్టు కాబట్టి ఏ కంపెనీ బండికైనా రోడ్డు మీద అంత రాదు, మాకు ఏసీ వేసుకుని 190 నుంచి 200 వస్తుంది. ఆఫీసుకి వెళ్ళే వాళ్ళకి ఇది చాలా ఎక్కువ, నేను మూడు రోజులకోసారి రాత్రి పెట్టేసి పడుకుంటా.

బ్యాటరీ చూడకుండా మాత్రం అడ్వాన్స్ ఇవ్వకండి. దీనికి ముందు వైట్‌ఫీల్డ్ వైపు ఒక సెకండ్ హ్యాండ్ షాపులో ఇంకో ఈవీ చూశాం, పెయింట్ మెరుస్తోంది, కొత్త సీటు కవర్లు, రేటు కూడా లక్ష తక్కువ. నడిపితే 58 శాతం నుంచి 49కి పడింది, తిరిగింది ఏడు కిలోమీటర్లు! అంటే ఫుల్ ఛార్జికి 80 కూడా రాదు. అడిగితే ట్రాఫిక్ వల్ల సార్ అన్నాడు. ఈవీకి ట్రాఫిక్ వల్ల అంత తగ్గదండి, పెట్రోల్ బండికి పూర్తిగా రివర్స్, మెల్లగా వెళ్తే తక్కువ తింటుంది, బ్రేకు నొక్కినప్పుడల్లా కొంచెం కరెంటు బ్యాటరీలోకి వెనక్కి వస్తుంది, హైవే మీద 100 దాటితేనే గబగబా తాగేస్తుంది. ఒక రాత్రి ఫుల్ ఛార్జి పెట్టి పొద్దున్నే నడిపి చూస్తానంటే ఒప్పుకోలేదు, అక్కడే దండం పెట్టి వచ్చేశాం.

మా బండికి మాత్రం ఓనర్ పాపం శనివారం మొత్తం ఇచ్చాడు. 100 శాతం ఛార్జి నుంచి ట్రిప్ మీటర్ జీరో చేసి హోస్కోటె దాకా వెళ్ళొచ్చి, ఊళ్ళో తిరిగి, 40 శాతం దగ్గర ఆపితే 118 కిలోమీటర్లు, కిలోమీటరుకి సగటు 145 వాట్ అవర్ చూపించింది. గుణిస్తే 17.1 యూనిట్లు, అది 60 శాతం అయితే మొత్తం 28.5, కొత్తప్పటి 30.2లో 94 శాతం. ఇది రఫ్ లెక్కే, దీంతో పాటు సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టించి రిపోర్ట్ కాగితం మీద తీసుకోండి. ఇందులో ఉండేది ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ, అప్పుడప్పుడు 100 దాకా పెట్టకపోతే శాతం లెక్క తప్పుతుంది, అందుకే సగం ఛార్జితో చూపించే షాపుని నమ్మొద్దంటున్నా. వారంటీ 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, మొదటి రిజిస్ట్రేషన్ రోజు నుంచి లెక్క, మాకు 2029 దాకా ఉంది. కొన్ని కొత్త బళ్ళకి జీవితకాల వారంటీ అంటారు, అది మొదటి ఓనర్‌కే, సెకండ్ హ్యాండ్ వాళ్ళు ఆ మాట చూసి పడిపోకండి. ఇంకోటి, పెద్ద బ్యాటరీ కాక మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది, అది డౌన్ అయితే పెద్దది నిండా ఉన్నా బండి లేవదు, ఎప్పుడు మార్చారో అడగండి.

ఇక పెట్రోల్ ఇంజనూ ఎలక్ట్రిక్ మోటారూ రెండూ ఉండే హైబ్రిడ్ సంగతి, అది మంచిది కాదని కాదు. మా బామ్మర్ది హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో అద్దెకుంటాడు, ఓనర్ ప్లగ్గు పెట్టనివ్వడు, రెండు నెలలకోసారి గుంటూరు పోవాలి. వాడికి టొయోటా హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ కొనమని నేనే చెప్పా. సిటీలో లీటరుకి 21 దాకా ఇస్తోంది, ఆగి ఆగి కదిలే చోట ఇంజను ఆగిపోయి మోటార్ మీద చప్పుడు లేకుండా జరుగుతుంది, నాకైతే నడిపినప్పుడు ముచ్చటేసింది. కానీ సెకండ్ హ్యాండ్‌లో దొరికేవి తక్కువ, రేట్లు దిగట్లేదు, మేం చూసినవి 13 లక్షల పైమాటే. నా 1200 కిలోమీటర్లకి పెట్రోల్ ఆరు వేలవుతుంది, పైన ఐదు లక్షలు ఎక్కువ పెట్టాలి. ఇంకా జాగ్రత్త, అమ్మకం ప్రకటనల్లో హైబ్రిడ్ అని రాసేవాటిలో చాలా మైల్డ్ హైబ్రిడ్‌లు ఉంటాయి, వాటి మోటార్ ఇంజనుకి సాయం చేస్తుంది తప్ప బండిని ఒంటరిగా నడపలేదు, మైలేజ్ పెద్దగా మారదు.

నెలకి మూడొందల కిలోమీటర్లే తిరిగేవాళ్ళు సెకండ్ హ్యాండ్ పెట్రోల్ హాయిగా కొనుక్కోవచ్చు, వీలైతే 2023 ఏప్రిల్ తర్వాతది చూడండి, ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అంతకుముందు బళ్ళు చాలావరకు దానికోసం తయారుచేసినవి కావు.

పార్కింగ్‌లో ప్లగ్గు పెట్టుకోవడానికి మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మూడు నెలలు తిప్పింది. కామన్ మీటరు నుంచి కాదు, మా ఫ్లాట్ మీటరు నుంచే వైరు లాక్కుంటాం, ఎంసీబీ (లోడ్ ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చి) మాదే అని రాసిచ్చాక ఒప్పుకున్నారు, బేస్‌మెంట్ దాకా వైరు, 15 ఆంపియర్ ప్లగ్గు కలిపి 22 వేలయింది. ఈ ఖర్చు కారు రేటులో కలిపి చూసుకోండి.

మా సొంతూరు అనంతపురం, 215 కిలోమీటర్లు, మధ్యలో బాగేపల్లి దాటాక ఒక ఫాస్ట్ ఛార్జర్ దగ్గర 40 నిమిషాలు ఆగుతాం, యూనిట్ 20 రూపాయల పైనే, అయినా పెట్రోల్ కన్నా తక్కువే. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇంట్లో ఛార్జర్ పెడితే ఎర్ర లైటు, ఎంత తీసి పెట్టినా అంతే, నాకు చెమటలు పట్టాయి, తెల్లారి తిరిగి రావాలి. వీధి చివర ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే ప్లగ్గు కూడా చూడకుండా పెరట్లోకి వెళ్ళి, ఎండిపోయిన ఎర్తింగ్ గుంతలో రెండు గుప్పిళ్ళ ఉప్పేసి నాలుగు బకెట్ల నీళ్ళు పోయించాడు. పావుగంటకి పచ్చ లైటు, ఎర్త్ సరిగ్గా అందకే ఛార్జర్ మొరాయించిందన్నమాట. ఇప్పుడు మేం బయల్దేరుతున్నామని ఫోన్ చేస్తే చాలు, నాన్న ముందురోజు సాయంత్రమే ఆ గుంత తడిపి పెడుతున్నాడు.