పండక్కి జంతికలా, చెక్కలా, చేగోడీలా? వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఏది మేలు

సంక్రాంతికి నెలగంట పెట్టిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఇదే: "ఈసారి కారపు వంట ఒక్కటే చేద్దామనుకుంటున్నాం, ఏది సులువు?" రుచిని బట్టి అయితే ఈ ప్రశ్న తేలదు. మూడింటికీ ముడిసరుకు కూడా ఇంచుమించు ఒకటే: బియ్యప్పిండి, వెన్న, ఉప్పు, కారం, నువ్వులు. అసలు తేడా పిండి కలిపాక తెలుస్తుంది. కలిపిన పిండి ఎంతసేపు ఆగుతుంది? ఒక వాయి వేగేలోపు ఇంకో వాయి సిద్ధం చేసుకోగలమా? ఈ రెండూ చూసుకోకుండా దిగితే, ఎంత బాగా వండేవాళ్లకైనా సగం వాయిలు ఎర్రబడతాయి, సగం నూనె పీలుస్తాయి.

జంతికలతో మొదలుపెడదాం. తెలంగాణలో, సీమలో మురుకులంటారు, కొన్నిచోట్ల చక్రాలంటారు. నాలుగు కప్పుల బియ్యప్పిండికి ఒక కప్పు పుట్నాల పొడి, రెండు టీస్పూన్ల వాము, రెండు టేబుల్‌స్పూన్ల నువ్వులు, రెండున్నర టేబుల్‌స్పూన్ల వెన్న, తగినంత ఉప్పు, కారం. పుట్నాల బదులు మినప్పప్పు వేయించి పొడి కొట్టి వేస్తే ఇంకా కమ్మగా ఉంటాయి. కాకపోతే పప్పు ఎర్రబడకుండా, వాసన రాగానే దించేయాలి. పొడిని జల్లించడం మాత్రం మానొద్దు, ఒక్క పలుకు అడ్డం పడినా గొట్టంలోంచి తీగ తెగిపోతుంది.

ఇక్కడ అందరూ తడబడేది వెన్న దగ్గరే. తక్కువైతే జంతిక రాయిలా గట్టిగా వస్తుంది. గుల్లగా రావాలని ఎక్కువ వేస్తే నూనెలో పడగానే విచ్చుకుపోయి, మూకుడు నిండా పొట్టు తేలుతుంది. అలా జరిగితే మిగిలిన పిండిలో రెండు మూడు చెంచాల పొడి బియ్యప్పిండి కలపండి, సర్దుకుంటుంది. గుల్లదనం కోసం వంటసోడా మాత్రం వద్దు. సోడా పడిన పిండి నూనె పీల్చుకుంటుంది.

పొడి సరుకంతా ముందే కలిపి పక్కన పెట్టుకోండి, నీళ్లు మాత్రం ఒకసారికి రెండు కప్పుల పిండికే పోయండి. మొత్తం ఒకేసారి తడిపేస్తే చివరి వాయిలకి రంగు మారుతుంది, నూనె కూడా ఎక్కువ లాగుతాయి. గొట్టం లోపల నూనె రాసి, పిండిని గాలి చొరబడకుండా నొక్కి నింపండి. పిండి బొటనవేలితో నొక్కితే పగలకూడదు, వేలికి అంటుకోనూ కూడదు. తీగ తెగుతుంటే పిండి గట్టిగా ఉన్నట్టు, చెంచాడు నీళ్లు చిలకరించి మళ్లీ పిసకండి. సన్న చిల్లుల బిళ్ల వాడితే నువ్వులు మానేసి, వామును నానబెట్టి నూరి ఆ నీళ్లు వడకట్టి పోయండి.

ఒంటరిగా వండేవాళ్లకి జంతిక కలిసొచ్చేది ఇందుకే: ఒత్తడం, నూనెలో వేయడం రెండూ ఒకే పని. నేరుగా మూకుట్లోకి తిప్పడం భయమైతే చిల్లుల గరిటె వెనక ఒత్తి జారవిడవండి. ఒక వాయి నాలుగైదు నిమిషాలు వేగుతుంది, ఆలోపు గొట్టం మళ్లీ నింపుకోవచ్చు. పైన చెప్పిన కొలత గంటన్నరలో పూర్తవుతుంది.

ఇక చెక్కలు. సీమలో వీటినే నిప్పట్లంటారు. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు, పంటికి తగిలే శనగపప్పు... కారపు వంటల్లో వీటిని మించిన రుచి నాకైతే కనపడదు. వాటితో పాటు తడి కూడా వస్తుంది, కష్టమంతా అక్కడే. నాలుగు కప్పుల పిండికి పావు కప్పు శనగపప్పు చాలు. దాన్ని ముప్పావు గంట నానబెట్టి, వార్చి, పొడిగుడ్డ మీద ఆరబెట్టాకే పిండిలో కలపాలి. నీళ్లు కారుతున్న పప్పు వేస్తే నూనెలో చిటపటలాడి ఎగిరి పడుతుంది. వేగిన చెక్క కూడా రెండు రోజుల్లో మెత్తబడుతుంది. కరివేపాకు కడిగి తుడిచి సన్నగా తరగండి. మూడు టేబుల్‌స్పూన్ల వెన్న మరిగించి పిండిలో పోసి, చేత్తో నలిపాక వేడినీళ్లతో గట్టిగా కలపండి.

పెద్ద ఉసిరికాయంత ఉండ తీసుకుని నూనె రాసిన కవరు మీద పల్చగా ఒత్తాలి. అంచు పల్చగా, నడుమ మందంగా ఉంటే అంచు మాడినా నడుమ పచ్చిగానే ఉంటుంది. పూరీలా పొంగితే ఆ చెక్క కరకరలాడదు, అందుకే ఫోర్కుతో నాలుగైదు గాట్లు పెట్టాలి. ఒత్తినవి నూలుగుడ్డ మీద ఐదు నిమిషాలు ఆరితే మంచిది, పావుగంట ఆరితే అంచులు పగులుతాయి. ఆ కొలతకి 60 పైచిలుకు చెక్కలవుతాయి. వాయికి ఐదారు పడతాయనుకున్నా, ఒకటి వేగే ఐదు నిమిషాల్లో ఇంకో ఆరు ఒత్తాలి, మధ్యలో తిరగేయాలి, జిడ్డు చేత్తో స్టవ్ మంట తగ్గించాలి. చేత్తో ఒత్తేవాళ్లు ఒక్కరే ఇది నెట్టుకురాలేరు. ఒకరు ఒత్తుతూ ఒకరు వేయించే ఇంట్లో చెక్కలే చేయండి, మరో ఆలోచన వద్దు. పూరీ ప్రెస్ ఉంటే ఒక్కరికీ వీలవుతుంది. రెండు కవర్ల మధ్య ఉండ పెట్టి ఒక్క నొక్కు నొక్కితే మందం కూడా అన్నిచోట్లా సమంగా వస్తుంది.

చేగోడీలకి పిండి ఆగదన్న బెంగ లేదు, ఎందుకంటే అది ముందే ఉడికిన పిండి. రెండు కప్పుల నీళ్లలో ఉప్పు, కారం, టేబుల్‌స్పూన్ నెయ్యి, నానిన పెసరపప్పు రెండు చెంచాలు వేసి మరిగించి, స్టవ్ ఆపేసి, రెండు కప్పుల పిండి పోసి కలిపి మూత పెట్టండి. పది నిమిషాలయ్యాక, చేయి పట్టేంత వేడి ఉండగానే బాగా మర్దించాలి. తాడులా చేసి ఉంగరాల్లా చుట్టినవాటి మీద తడిగుడ్డ కప్పితే గంటసేపైనా ఆగుతాయి. పిల్లలు బడికి వెళ్లాక చుట్టుకుని, తీరిక చూసుకుని వేయించుకోవచ్చు. చుట్టడానికే చాలాసేపు పడుతుంది, అది మాత్రం తప్పదు.

వీటిలో భయమల్లా పేలడమే. తాడు లావుగా చేసినా, పిండిలో ఉండలు మిగిలినా, పై పొర ముందు గట్టిపడి లోపలి ఆవిరికి దారి దొరకదు. అప్పుడు చేగోడీ టప్పున పగిలి వేడి నూనె మొహం మీదికి చిమ్ముతుంది. ఇది చిన్న విషయం కాదు. తాడు పెన్సిల్ కంటే సన్నగా ఉండాలి, పిండిలో పొడి పలుకు మిగలకూడదు. నూనె కాగాక వేసి, అవి తేలగానే మంట మధ్యస్థంగా తగ్గించాలి. పిల్లల్ని స్టవ్ దరిదాపులకి రానివ్వొద్దు. విదేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో మాట: ఆసియా దుకాణాల్లో జిగురు బియ్యప్పిండి, మామూలు బియ్యప్పిండి పక్కపక్కనే, ఒకేలాంటి ప్యాకెట్లలో ఉంటాయి. జిగురు పిండితో చేగోడీలు చేస్తే పొంగి పగులుతాయి. లేబుల్ చదివి కొనండి. కరెంటు పొయ్యి మీద నూనె మళ్లీ వేడెక్కడానికి సమయం పడుతుంది, కాబట్టి వాయికి వేసేవి సగానికి తగ్గించండి.

సకినాలు ఈ లెక్కలోకి రావు. నానిన బియ్యం పిండి పట్టించాలి, గుడ్డ మీద చేత్తో చుట్లు తిప్పే నేర్పుండాలి, ఇరుగుపొరుగు వచ్చి కూర్చోవాలి. సన్న కారప్పూస అన్నిటికంటే త్వరగా అవుతుంది, శనగపిండి జల్లించి వాడితే చాలు. అటుకుల చుడువా అరగంట పని, కానీ పండగ పిండివంట చేసిన తృప్తి దాంతో రాదు.

ఒక్కరే ఉండి, పెద్ద అలవాటు లేకపోతే జంతికలకే నా ఓటు. పిండిలో చిన్న పొరపాటు జరిగినా మొదటి వాయిలోనే బయటపడుతుంది, రెండో వాయికి దిద్దుకోవచ్చు. చెక్క అలా కాదు, తడి ఎక్కువైందన్న సంగతి డబ్బాలో పెట్టిన మూడోనాడు గానీ తెలియదు. నిల్వ కూడా జంతికలకే ఎక్కువ. చల్లారాక గాలి చొరబడని డబ్బాలో పెడితే మూడు వారాలకి ఢోకా లేదు. పచ్చిమిర్చి ముద్ద వేసిన చెక్కల్ని పది పన్నెండు రోజుల్లో తినేయాలి. వాటికి పచ్చిమిర్చి బదులు ఎండుకారం వేస్తే ఇంకొన్నాళ్లు ఆగుతాయి, రుచి మాత్రం అరకొరే.

దేనికైనా వేగిందనడానికి గుర్తు నురగే, రంగు కాదు. చుట్టూ బుడగలు బాగా తగ్గి, గరిటె తగిలితే గలగలమనాలి. కారం వేసిన పిండి తీశాక కూడా ఒక ఛాయ ముదురుతుంది, కాబట్టి మీకు కావాల్సిన రంగు కంటే కాస్త ముందే తీయండి. నూనె కాగిందో లేదో చూడటానికి చిటికెడు పిండి వేయండి: వెంటనే పైకి తేలాలి, అంతలోనే ఎర్రబడకూడదు. అడుగునే ఉండిపోతే ఆ వాయి నూనె తాగినట్టే.

ఒకే నూనెలో రెండు మూడు రకాలు చేస్తుంటే ముందు జంతికలు, తర్వాత చేగోడీలు, చివర చెక్కలు. చెక్కల నుంచి రాలిన పప్పు, కరివేపాకు అడుగున మాడి నూనెని నల్లగా చేస్తాయి, ఆ తర్వాత అందులో ఏది వేసినా చేదు తగులుతుంది.