బోల్టు బిగించేది నేనే: జర్మనీలో చలికాలపు చక్రాలు ఇంట్లో మార్చుకుంటున్న అనుభవం

కారు చక్రాలు ఇంటి దగ్గరే మార్చుకుంటే డబ్బు మిగులుతుందా అని అడిగేవాళ్లే ఎక్కువ. కొంత మిగులుతుంది. కానీ నేను ఇన్నేళ్లుగా ఈ పని వదలకపోవడానికి కారణం అది కాదు. నా బండి బోల్టులు ఎంత బిగువులో ఉన్నాయో నాకు తెలిసి ఉండాలి. ఆ ఒక్క విషయంలో నేను రాజీపడను.

మేముండేది స్టుట్‌గార్ట్ పక్కన. అక్టోబర్‌లో చలికాలపు చక్రాలు ఎక్కించాలి, ఈస్టర్ దాటాక వేసవివి. బండి కొన్న మొదటి ఏడాదే ఈ లెక్క అందరికీ వంటబడుతుంది. మంచు రోడ్డు మీద వేసవి టైర్లతో దొరికితే 60 యూరోల జరిమానా, పైగా డ్రైవర్ రికార్డులో ఒక తప్పు పాయింటు. రెండు సెట్లూ విడివిడిగా రిమ్ములకు ఎక్కించి పెట్టుకున్నవాళ్ల కోసమే ఇదంతా రాస్తున్నాను. ఒకే రిమ్ముకు టైరు తీసి టైరు వేయాలంటే మెషీన్ కావాలి, అది ఇంట్లో అయ్యే పని కాదు.

మొదట్లో నేనూ వర్క్‌షాప్‌కే తీసుకెళ్లేవాణ్ణి. అరగంటలో పని అయిపోయేది, చేతికి మట్టి అంటేది కాదు. కాకపోతే అక్కడి కుర్రాడు గాలి గన్ పట్టుకుని బోల్టులు బిగించే తీరు నాకు నచ్చేది కాదు. గన్ బోల్టుకు ఆనించి గట్టిగా ఒక్కటి కొట్టి, వెంటనే తర్వాతి దానికి వెళ్లిపోయేవాడు. చివర్లో టార్క్ రెంచ్‌తో, అంటే మనం పెట్టిన బిగువు రాగానే "టిక్" అనే స్పానర్‌తో, సరిచూసే మంచి పనివాళ్లూ ఉంటారు. మేము వెళ్లిన చోట ఆ అలవాటు లేదు. పైగా బిల్లు కింద, 50 కిలోమీటర్లు నడిచాక బోల్టులు మళ్లీ బిగించుకోండి అని ఒక ముద్ర. అది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. మళ్లీ బిగించుకోవాలంటే నా దగ్గర టార్క్ రెంచ్ ఉండాలి, లేదా బండి తీసుకుని మళ్లీ వాళ్ల దగ్గరికే పోవాలి. ఎలాగూ రెంచ్ కొనాల్సిందే అయితే పని మొత్తం నేనే ఎందుకు చేసుకోకూడదు అనిపించింది.

ఆ ఏప్రిల్‌లో మొదటిసారి నేనే మార్చుకుందామని కూర్చున్నప్పుడు అసలు సంగతి బయటపడింది. చక్రాలు నేల మీద ఉండగానే బోల్టులు కొంచెం వదులు చేసుకోవాలి కదా అని బండితో వచ్చిన స్పానర్ వేశాను. కదల్లేదు. నిలబడి కాలితో తొక్కాను. అయినా కదల్లేదు. మా ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారుకి కంపెనీ చెప్పిన బిగువు 120 న్యూటన్ మీటర్లు. పావు మీటరు పొడవుండే ఆ స్పానర్‌తో అంత బిగువు విప్పాలంటే దాని చివర సుమారు 50 కిలోల బరువు పడాలి. అదే గన్‌తో 250 దాకా బిగించి ఉంటే 100 కిలోలు దాటుతుంది. నా బరువంతా వేసినా కదలని బోల్టు, రాత్రిపూట ఏ8 హైవే మీద మా ఆవిడ ఒక్కతే ఉండగా పంక్చర్ పడితే ఎలా ఊడుతుంది? డిక్కీలో స్టెప్నీ ఉండి ఏం లాభం? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. స్టుట్‌గార్ట్ నుంచి ఉల్మ్ వెళ్లే దారిలో ఆ హైవే ష్వేబిషె ఆల్బ్ కొండ ఎక్కుతుంది. కింద వాన పడుతుంటే పైన మంచు కురుస్తుంటుంది. అక్కడ ఇరుక్కోవాలని ఎవరికుంటుంది?

పొడవాటి రాడ్డు కొనుక్కొచ్చి మొత్తానికి బోల్టులు ఊడదీశాను. జాకీ మీద లేపి, అయిదు బోల్టులూ తీసి పక్కన పెట్టాను. మూడు చక్రాలు వచ్చాయి. వెనక ఎడమ పక్కది మాత్రం ససేమిరా అంది. బోల్టు ఒక్కటి కూడా లేకపోయినా హబ్‌కి, అంటే చక్రం కూర్చునే ఇరుసు చివరి భాగానికి, అతుక్కుని అలాగే ఉంది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. రిమ్ము అల్యూమినియం, హబ్ ఇనుము, మధ్యలో ఉప్పునీళ్లు. ఈ మూడూ కలిస్తే ఆ రెండు లోహాల మధ్య తుప్పు పేరుకుని సిమెంటులా పట్టేస్తుంది. అక్టోబర్‌లో చక్రం ఎక్కించేటప్పుడు హబ్ మీది పాత తుప్పు గీకి ఉంటే ఇంత పట్టేది కాదు. వైర్ బ్రష్‌తో రెండు నిమిషాల పని.

తుప్పు వదిలించే స్ప్రే హబ్ చుట్టూ కొట్టి కాసేపు ఆగాను. అరచేతులతో చక్రం పైన ఒకసారి, కింద ఒకసారి గుద్దాను. జాకీ మీదున్న బండి చక్రాన్ని కాలితో తన్నడం ప్రమాదం, బండి జారితే ఇంకేమైనా ఉందా. "ఇక చాలు, వర్క్‌షాప్‌కి ఫోన్ చేయండి" అని మా ఆవిడ బాల్కనీలోంచి అరుస్తోంది. బయట నలుగురు పిల్లలు చేరారు. చీకటి పడబోతోంది. మర్నాడు ఆదివారం, ఆదివారాలు ఇక్కడ చప్పుడు చేసే పని పెట్టుకోకూడదు.

పై అంతస్తులో ఉండే పెద్దాయన చెత్త పడేయడానికి దిగి, చూసి, సంచి పక్కన పెట్టి వచ్చాడు. ఆయన చెప్పిన ఉపాయం ఇది. అయిదు బోల్టులూ మళ్లీ ఎక్కించి, చేత్తో చివరిదాకా తిప్పి, ఒక్కోటి ఒక చుట్టు వెనక్కి వదలాలి. బండి దించాలి. పార్కింగ్ స్థలంలోనే, నడక కంటే నెమ్మదిగా, స్టీరింగ్ ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పుతూ నాలుగు అడుగులు పోనిచ్చి బ్రేకు మీద కాలు పెట్టాలి. నేను భయపడుతూనే చేశాను. రెండోసారి బ్రేకు వేయగానే వెనక నుంచి "ఠక్" మని ఒక చప్పుడు. పెద్దాయన చెయ్యి ఎత్తాడు. మళ్లీ జాకీ మీద లేపి బోల్టులు తీస్తే చక్రం చేతిలోకి వచ్చేసింది. లోపల హబ్ మీద తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది.

ఆ రోజు నుంచి ప్రతిసారీ హబ్ మీద, రిమ్ము లోపలి ముఖం మీద వైర్ బ్రష్ పడాల్సిందే. తర్వాత హబ్ మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే వలయానికి మాత్రం సిరామిక్ పేస్టు పల్చగా రాస్తాను. బోల్టు మరలకి ఒక్క చుక్క కూడా తగలనివ్వను. మరలకి జిడ్డు పట్టిందంటే రాపిడి తగ్గుతుంది. రెంచ్ అదే 120 దగ్గర "టిక్" అన్నా, లోపల బోల్టు అవసరానికి మించి సాగుతుంది. ఈ పద్ధతి మొదలుపెట్టాక మళ్లీ ఏ చక్రమూ మొరాయించలేదు.

ఇంట్లో మార్చుకుంటే టైరుని తీరిగ్గా చూసే అవకాశం కూడా దొరుకుతుంది. లోపలి అంచు ఏమైనా ఎక్కువ అరిగిందా, గాడి లోతు ఎంతుంది, పక్కన కొండ మధ్యలో మంచు రేకు ఉండే ఆ గుర్తు ఉందా, తయారైన వారం, ఏడాది చెప్పే నాలుగంకెల సంఖ్య ఏమిటి. 2024 అక్టోబర్ నుంచి ఆ కొండ గుర్తు లేని టైర్లు చలికాలపు టైర్లుగా లెక్కలోకి రావు. టైరు పక్కన ఉత్త ఎం+ఎస్ (బురద, మంచు అని అర్థం) అక్షరాలు చూసుకుని ధీమాగా ఉన్నవాళ్లు ఒకసారి వంగి చూసుకోండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లున్నా చట్టం ఒప్పుకుంటుంది గానీ, చలికాలపు టైరు 4 మిల్లీమీటర్లకు వచ్చిందంటే నేను మార్చేస్తాను.

టార్క్ రెంచ్ గురించి ఇంత పొగిడాను కదా, ఒక మాట చెప్పాలి. ఆ "టిక్" తనకు ఎదురైన బిగువు ఎంతో మాత్రమే చెబుతుంది. చక్రం హబ్ మీద సమంగా కూర్చుందో లేదో దానికి తెలియదు. మధ్యలో తుప్పు ముక్క ఇరుక్కున్నా టిక్ అంటుంది, బోల్టు మర పట్టేసినా టిక్ అంటుంది. అందుకే ఎదురెదురు బోల్టులు మార్చి మార్చి బిగించడం, 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి చూడడం. ఆ రెండోసారి చూసినప్పుడు ఒక బోల్టు టిక్ అనే ముందు కాస్త తిరిగిన సందర్భం నాకూ ఉంది. వర్క్‌షాప్ ముద్ర మీద నాకున్న కోపం వాళ్లు ఆ పనిని మన నెత్తిన పెట్టినందుకే గానీ, అందులో రాసిన మాట మాత్రం నూటికి నూరుపాళ్లు నిజం.

అలాగే బ్యాలెన్సింగ్, అంటే చక్రం బరువు చుట్టూ సమంగా ఉండేలా సర్దడం. ఇంట్లో అది కుదరదు. కొన్ని సీజన్లు గడిచాక హైవే మీద 110 దాటగానే స్టీరింగ్ సన్నగా వణకడం మొదలైంది. నాలుగు చక్రాలూ డిక్కీలో వేసుకుని వర్క్‌షాప్‌కే వెళ్లాను. విడి చక్రాలు ఇచ్చి, బ్యాలెన్స్ చేయించుకుని తెచ్చుకున్నాను. ఎక్కించింది మాత్రం నేనే. ఇప్పుడు అప్పుడప్పుడు ఆ ఖర్చు ఉంటుంది. దానికి తోడు బండి కింద పెట్టే ట్రాలీ జాకీ, ఆసరా స్టాండు, రెంచ్, రాడ్డు అన్నీ కలిపితే మిగిలే డబ్బు నేను మొదట్లో లెక్క వేసుకున్నంత లేదు.

మీరేం చేయాలంటే, అది మీరుండే ఇంటిని బట్టి ఉంటుంది. మాకు నేల చదునుగా ఉన్న సొంత పార్కింగ్ చోటుంది, కింద సెల్లార్‌లో నాలుగు చక్రాలు పెట్టుకోవచ్చు, నడుము ఇంకా సహకరిస్తోంది. మూడో అంతస్తులో లిఫ్ట్ లేకుండా ఉంటూ, వీధిలో ఏటవాలు చోట బండి ఆపుకునేవాళ్లకి నేను ఈ పని చెప్పను. వాళ్లు చక్రాలు దాచిపెట్టే సౌకర్యం ఉన్న వర్క్‌షాప్‌కి డబ్బు కట్టడమే మంచిది. కాకపోతే చివర్లో అన్ని బోల్టులూ టార్క్ రెంచ్‌తో బిగించమని దగ్గర నిలబడి అడగండి, సిగ్గుపడొద్దు. మా ఆవిడ ఆఫీసు ఇచ్చిన ఎలక్ట్రిక్ బండి చాలా బరువు, లీజులోనే టైర్ల ఖర్చు కూడా కలిసి ఉంది. దాన్ని నేను ముట్టుకోను. అది వర్క్‌షాప్ నుంచి వచ్చిన రోజు సాయంత్రం మాత్రం రెంచ్ తీసుకెళ్లి దాని బోల్టులు కూడా చూస్తాను. ఆ బండి బిగువు అంకె వేరు, దాని పుస్తకంలో చూసి రెంచ్ సరిచేసుకోవాలి.