చిత్తూరు మామిడితోటలో సైడర్ రుచులు: ఎక్కడ దిగాం, ఏది నచ్చింది

బీరంటే ఇష్టమున్న స్నేహితులం ఈ సంక్రాంతి సెలవుల్లో సైడర్ కోసం కలిశాం. మందుల షాపులో దొరికే వెనిగర్ కాదు, ఆపిల్ రసాన్ని పులియబెట్టి చేసే అసలు సైడర్. విదేశం నుంచి వచ్చేవాళ్లు తలా 2 లీటర్ల వరకే సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. అందుకే చెన్నైలో దిగిన మిత్రులు ఇంగ్లండ్, ఫ్రాన్స్, స్పెయిన్ సీసాలను తలా కొన్ని పంచుకుని తెచ్చారు.

మొదట తిరుపతిలోనే దిగుదామనుకున్నాం. రైళ్లు, బస్సులు అన్నీ అక్కడికే ఉన్నాయి. కానీ అక్కడి లాడ్జీలు దర్శనానికి వచ్చేవాళ్ల కోసం నడిచేవి, గదుల్లో మందు ఒప్పుకోరు. అలిపిరి దాటితే సీసా మాటే లేదు, తనిఖీ గట్టిగా ఉంటుంది. అది సబబే కూడా. కొండకు పోవాల్సినవాళ్లు ముందే దర్శనం చేసుకుని, సుమారు 70 కిలోమీటర్లు కారులో చిత్తూరు వచ్చేశారు. రోడ్డు బాగుంది.

చిత్తూరు టౌన్లో ఒక లాడ్జి చూశాం. గది శుభ్రంగా ఉంది, వేణ్ణీళ్లూ వస్తాయి. ఫోన్లో చెప్పిన ఫ్రిజ్ మాత్రం పనిచేయడం లేదు, అడిగితే రేపు చూస్తామన్నారు. చివరికి కాణిపాకం వైపు ఒక మిత్రుడి మామ తోటలో ఇల్లు ఖాళీగా ఉంటే అక్కడ దిగాం. ఏసీ లేదు, దోమలున్నాయి. అయినా వసారా విశాలం, చుట్టూ మామిడి పూత, రాత్రి చల్లటి గాలి. ఈ పనికి దీన్ని మించిన చోటు లేదు.

సైడర్‌కు చల్లదనం చాలా ముఖ్యం. బీరుతాగేవాళ్లు సీసాను ఐసులో ముంచుతారు. ఇంగ్లండ్‌లోని సోమర్‌సెట్ సైడర్‌ను అలా చేస్తే వగరు ఒక్కటే మిగిలి, పండు వాసన చచ్చిపోతుంది. 12 డిగ్రీల దగ్గర తాగాలి. మేం బకెట్లో నీళ్లుపోసి తడిగుడ్డ చుట్టి ఉంచాం, బాగా పనిచేసింది.

వగరు ఎక్కణ్ణుంచి వస్తుందని తోట మామ అడిగాడు. తినే ఆపిల్ వేరు, సైడర్ ఆపిల్ వేరు. కింగ్‌స్టన్ బ్లాక్, డాబినెట్ లాంటివి కొరికితే నోరు పట్టేస్తుంది. బ్రిస్టల్ దగ్గరి లాంగ్ ఆష్టన్ పరిశోధనా కేంద్రం లెక్క ప్రకారం రసంలో టానిన్ (వగరునిచ్చే పదార్థం) 0.2 శాతం దాటితే చేదు జాతి, ఆమ్లం 0.45 శాతం దాటితే పులుపు జాతి. ఆయన వెంటనే అందుకున్నాడు: "మా తోతాపురి లాగా అన్నమాట. ఇంట్లో తినేదానికి బేనీషా, ఫ్యాక్టరీ గుజ్జుకు తోతాపురి."

మార్కులు వేసే తీరు మీద వాదన నడిచింది. బీరు పోటీల్లో 50 మార్కుల పత్రం ఉంటుంది. నురుగు, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) వెతికే ఆ చూపుతో సైడర్‌ను చూస్తే న్యాయం జరగదు. సంప్రదాయ సైడర్‌లో నురుగు నిలవదు, కొన్నిట్లో బుడగే ఉండదు. అది లోపం కాదు. లోపమంటే వెనిగర్ ఘాటు, గోళ్ల రంగు వాసన, ఇంకా ఎలుకల బోను వాసన. ఈ చివరిది ముక్కుకు తెలియదు. మింగాక ఉమ్మి కలిసి పులుపు తగ్గితేనే గొంతు వెనక నుంచి పైకొస్తుంది, కొందరికి అసలు తెలియదు కూడా. ఒక ఇంగ్లిష్ సీసాలో అది తగిలింది. మాలో ఇద్దరికి ఏమీ అనిపించలేదు, నాకు రెండో గుక్క దిగలేదు. అందుకే మింగిన తర్వాత కాసేపు ఆగి మార్కు వేయాలి.

స్పెయిన్‌లోని అస్తూరియాస్ సైడర్‌ను తలపైకెత్తిన సీసా నుంచి నడుము కింద పట్టుకున్న గ్లాసు అంచుకు తగిలేలా పోయాలి. అలా పడితేనే అందులో ప్రాణం లేస్తుంది. రెండు వేళ్ల మందం పోసుకుని వెంటనే తాగెయ్యాలి. వసారా గచ్చంతా తడిసింది, కానీ గ్లాసులోకి పడిన నాలుగు చుక్కల్లోనే పచ్చి ఆపిల్ పులుపు భలే పలికింది.

తిండి పక్క ఊరి మెస్ నుంచి వచ్చింది, చెప్పిన టైముకే. రుచి చూసేటప్పుడు బొరుగులు, ఉడికిన చెనక్కాయలే పెట్టుకున్నాం. సంగటి, నాటుకోడి పులుసు మార్కులయ్యాకే. ఆ కారానికి ఫ్రాన్స్‌లోని నార్మండీ తీపి సైడర్ బాగా కుదిరింది. అక్కడ పెక్టిన్‌ను (పండులో ఉండే జిగురు పదార్థాన్ని) గోధుమరంగు తెట్టులా పైకి తేల్చి, కింది రసాన్ని వేరుచేసి మెల్లగా పులియబెడతారు. అందుకే చక్కెర కలపకుండానే తీపి నిలుస్తుంది.

బెంగళూరు మిత్రులు దానికే మొదటి స్థానం ఇచ్చారు. నా ఓటు కింగ్‌స్టన్ బ్లాక్ ఆపిల్ సైడర్‌కే. పులుపు, వగరు, పండు మూడూ ఒకదాన్నొకటి తొక్కకుండా చివరిదాకా నిలిచింది అదొక్కటే. మీరూ ఇలా కూర్చోవాలనుకుంటే జనవరిలో రండి, డ్రైవరును వేరే మాట్లాడుకోండి, మంచి గాజు గ్లాసులు వెంట తెచ్చుకోండి.